డ్రిల్లు మేష్టారి పీరియడు

2019 వేసవిలో మా పట్టణంలో ఒక సంస్మరణ సభ జరిగింది. పోయినవారు మా జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలలో ముప్ఫయ్యేళ్ళకు పైగా వ్యాయామోపాధ్యాయులుగా పనిచేసి, 1995లో పదవీ విరమణ చేసినవారు. సభకు నూరుమందికి పైనే వచ్చారు. పటానికి దండ వేశారు, రెండు నిమిషాలు మౌనం పాటించారు. తరువాత వేదికమీది పెద్దలలో ఒకరు, మేష్టారిని బొత్తిగా ఎరుగనివారు, పక్కనున్న నన్ను మెల్లగా అడిగారు: "మొత్తంమీద ఎంతమంది నేషనల్ ప్లేయర్లను తయారుచేశారండీ ఈయన?"

మనసులో లెక్క చూసుకుని చెప్పాను. రాష్ట్రస్థాయి పోటీలకు వెళ్ళినవారు ముగ్గురు. జాతీయస్థాయికి వెళ్ళినవారు ఒక్కరూ లేరు. ఆయన "ఓహో" అన్నారు. తమ వంతు వచ్చినప్పుడు "క్రమశిక్షణకు మారుపేరు" అనే ఒక్క మాటతో సరిపెట్టి కూర్చున్నారు.

ఆ "ఓహో" నన్ను ఇన్నేళ్ళుగా వదలలేదు. ఆ ప్రశ్నకు నేను చెప్పిన సమాధానం నిజమే. కాని ఆ ప్రశ్నే తప్పని అప్పటికప్పుడు చెప్పలేకపోయాను. సభామర్యాద కొంత అడ్డొచ్చింది, నా తప్పు ఒకటి మరికొంత అడ్డొచ్చింది. ఆ తప్పు సంగతి తరువాత చెబుతాను. ఆనాడు వేదికమీద చెప్పలేనిదాన్ని ఇక్కడ చెప్పుకోవటమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా ఒక మాట. మేష్టారి పేరు రాయటం లేదు. మా ఊళ్ళో ఆయన్ని పేరుతో పిలిచినవారు లేరు. పోస్టుమాను దగ్గరనుంచి ప్రధానోపాధ్యాయుల వరకు అందరికీ ఆయన "డ్రిల్లు మేష్టారు". ఆ పేరుతోనే ఆయన్ని తలచుకోవటం నాకు సబబుగా తోస్తుంది.

నేను 1971లో ఆరో తరగతిలో చేరినప్పుడు ఆయన నాకు గురువు. 1989లో తెలుగు పండితుడిగా బదిలీ అయి అదే పాఠశాలకు వచ్చినప్పుడు సహోద్యోగి. అంతకుముందు ఆయన నన్ను "ఒరే బక్కోడా" అని తప్ప పిలిచి ఎరుగరు. స్టాఫ్‌రూములో నేను అడుగుపెట్టగానే లేచి నిలబడి, "రండి పంతులుగారూ, దయచేయండి" అన్నారు. సిగ్గుతో నా తల వంగిపోయింది. "నన్ను పాత పేరుతోనే పిలవండి మేష్టారూ" అంటే, "పాఠం చెప్పేవాణ్ణి పిల్లలముందు ఒరే అంటే పాఠానికి విలువ పోతుందండీ" అన్నారు. ఆ తరువాత పదవీ విరమణ చేసేదాకా ఒక్కనాడూ ఏకవచనం వాడలేదు.

మా ఇద్దరి హోదా ఒకటే కావటం కూడా మా స్నేహానికి ఒక కారణం కాబోలు. భాషాపండితుడూ, వ్యాయామోపాధ్యాయుడూ స్టాఫ్‌రూములో చివరి కుర్చీల వాళ్ళు. పండితులకూ, పి.ఇ.టి.లకూ స్కూల్ అసిస్టెంటు హోదా ఇవ్వాలన్న కోరిక ఉపాధ్యాయ సంఘాల తీర్మానాలలో ఎన్నో ఏళ్ళపాటు ఒకే వాక్యంలో నడిచింది. లెక్కలూ, ఇంగ్లీషూ, సైన్సూ చెప్పేవారు చదువు చెప్పేవారు. మేమిద్దరం, ఒకరు పద్యాలూ మరొకరు ఆటలూ, చదువు పక్కన కూర్చునేవాళ్ళం.

ఆయన దినచర్య ఇప్పటికీ నా కళ్ళకు కడుతుంది. తెల్లవారకముందే ఖద్దరు చొక్కా, తెల్ల కేన్వాసు బూట్లతో మైదానానికి వచ్చేవారు. అడుగున చిల్లులు పొడిచిన డాల్డా డబ్బాలో పొడి సున్నం పోసి, దాన్ని ఊపుకుంటూ గీతలు గీసేవారు. చెడుగుడు బరికి పదమూడు మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు. టేపు లేని రోజుల్లో ముళ్ళు వేసిన పురికొసతో కొలిచేవారు. "గీత వంకరైతే ఆటలో న్యాయం వంకరవుతుంది" అనేవారు. వాన కురిసి గీతలు చెరిగిపోతే మళ్ళీ గీసేవారు. ఆ సున్నం ఖర్చు పాఠశాల పద్దులో ఉండేది కాదని, సొంత డబ్బుతో కొనేవారని ఆయన పదవీ విరమణ నాడు గుమాస్తా చెబితే తెలిసింది.

జట్టుకు ఎంపిక కాని పిల్లవాడు ఆయన మైదానంలో గోడవారన కూర్చోవటానికి వీల్లేదు. ఒకడు స్కోరు రాయాలి, ఒకడు గీతదగ్గర నిలబడి జెండా ఎత్తాలి, ఒకడు బంతికి గాలి కొట్టాలి, ఒకడు నీళ్ళ కడవ నింపాలి. నేను ఆటలో అందరికన్నా వెనక. కనుక నాకు స్కోరు పుస్తకం ఇచ్చారు. నా చేతివ్రాత కుదిరింది ఆ పుస్తకంలోనే. ఖోఖోలో తొమ్మిదిమంది ఆడతారు, తరగతిలో నలభైమంది ఉంటారు. మిగిలిన ముప్ఫయ్యొక్కరు ఏం చెయ్యాలన్నది ఆయన జీవితమంతా ఆలోచించిన విషయం. పతకాలను లెక్కపెట్టేవాడికి ఆ తొమ్మిదిమందే కనిపిస్తారు.

చెడుగుడు గురించి ఒక ముచ్చట చెప్పాలి. నేను ఉద్యోగంలో ఉండగా ఎనిమిదో తరగతిలో ఒక కుర్రవాడు మాట తడబడేవాడు. పద్యం అప్పజెప్పమంటే రెండో పాదంలోనే ఊపిరి అందక, తడబడి, ఏడ్చేవాడు. నాకు తోచిన వైద్యం వాణ్ణి పద్యం అడగకపోవటం. డ్రిల్లు మేష్టారికి తోచిన వైద్యం వేరు. సాయంత్రం వాణ్ణి బరిలోకి దింపి కూత పెట్టించారు. చెడుగుడులో కూత తెగితే ఆటగాడు ఔటవుతాడు కదా. మొదట నాలుగు క్షణాలు, తరువాత పది, తరువాత ఇరవై. ఊపిరి ఎక్కడ పీల్చాలో, ఎంత దాచుకోవాలో, ఎలా వదలాలో వాడికి నేర్పారు. వేసవి సెలవులకు ముందు ఒకనాడు వాణ్ణి నా తరగతికి తీసుకొచ్చి, "ఇప్పుడు అడగండి పంతులుగారూ" అన్నారు. వాడు రాగయుక్తంగా పాడాడని అబద్ధం చెప్పను. నాలుగు పాదాలూ ఆగకుండా చదివి కూర్చున్నాడు. యతి అంటే విశ్రాంతిస్థానమని ఎన్నో ఏళ్ళుగా పాఠం చెబుతున్నాను. దానిలోని ఊపిరి సంగతి ఆనాడు నాకు తెలిసింది.

మరొకనాడు ఆదిపర్వంలోని ఒక ఘట్టం చెబుతున్నాను. ద్రోణుడు చెట్టుకొమ్మన పక్షిబొమ్మను పెట్టి శిష్యులను పరీక్షించిన కథ అందరికీ తెలిసినదే. చెట్టూ, కొమ్మా, అన్నదమ్ములూ కనిపిస్తున్నారన్నవారు ఓడిపోయారు. పక్షి తప్ప మరేదీ కనిపించటం లేదన్న అర్జునుడు గెలిచాడు. ఏకాగ్రత గొప్పతనాన్ని వర్ణించి బయటికి వచ్చాను. వరండాలో నిలబడి పాఠం విన్న మేష్టారు నవ్వుతూ, "ఏటి పంతులుగారూ, పక్కనున్న అన్నదమ్ములు కనపడనివాడు నా జట్టుకి పనికిరాడండీ. మీ ద్రోణాచార్యులు విలుకాణ్ణి తయారుచేశాడు గాని జట్టుని తయారుచెయ్యలేదు" అన్నారు. నేను ఎన్ని వ్యాఖ్యానాలు చదివినా ఆ మాట నాకు తట్టలేదు. మన ప్రభుత్వం 1985నుంచి ఉత్తమ శిక్షకులకు ఇస్తున్న పురస్కారానికి ద్రోణాచార్యుడి పేరే పెట్టారు. ఏకలవ్యుడి బొటనవేలు జ్ఞప్తికి వచ్చినప్పుడల్లా నాకు ఆ పేరు మింగుడుపడదు.

జట్టు అంటే గుర్తొచ్చే మహానుభావుడు ఒకరున్నారు, హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో పుట్టి, ఉస్మానియాలో చదివి, బడిపంతులుగా జీవితం మొదలుపెట్టి, వ్యాయామవిద్యలో డిప్లొమా చేసి, ఫుట్‌బాల్ శిక్షకులైనవారు. ఆయన శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950నుంచి 1954వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. భారతజట్టు 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో స్వర్ణం, 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగోస్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో మళ్ళీ స్వర్ణం సాధించింది. జకార్తా తుదిపోరులో దక్షిణ కొరియాపై 2-1 తేడాతో గెలిచిన నాటికే ఆయన్ని క్యాన్సరు కబళిస్తోంది. 1963 జూన్‌లో కన్నుమూశారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో ఆ తరువాత మనకు స్వర్ణం రాలేదు. ఆ రహీం సాబు హైదరాబాదులో కుర్రవాళ్ళకోసం డ్రిబ్లింగు నిషేధించిన పోటీలు పెట్టేవారట. బంతి అందగానే పక్కవాడికి అందించాలి, తన దగ్గరే ఉంచుకోకూడదు. పక్కవాణ్ణి చూడటం నేర్పటమే ఆ పోటీల పరమార్థం. మా డ్రిల్లు మేష్టారు చెప్పినదీ అదే. 2024లో "మైదాన్" అనే హిందీ సినిమా వచ్చేదాకా మన పిల్లల్లో ఎందరికి రహీం పేరు తెలుసు? తెలిసినవారికైనా ఆయన బడిపంతులని తెలుసా?

మన జ్ఞాపకశక్తికి ఉన్న జబ్బే ఇది. మా ఉత్తరాంధ్రకు దగ్గరి ఉదాహరణ కోడి రామమూర్తి నాయుడుగారు. వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో పెరిగి, మద్రాసు దగ్గర సైదాపేటలో వ్యాయామశిక్షణ పొందిన ఆయన "కలియుగ భీముడు"గా లోకప్రసిద్ధులు. రొమ్ముమీద ఏనుగును ఎక్కించుకున్నారనీ, ఇనుపగొలుసులు తెంచారనీ, రెండు కార్లను చేతులతో ఆపారనీ తాతలు మనుమలకు చెబుతూనే ఉన్నారు. ఆయన విజయనగరంలో పిల్లలకు డ్రిల్లు నేర్పిన మేష్టారన్న సంగతి మాత్రం ఏ తాతా చెప్పడు. ఏనుగు గుర్తుంది, వరుసలో నిలబడిన పిల్లలు గుర్తులేరు.

2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో మొత్తం 240 కిలోలు ఎత్తి, ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళగా నిలిచిన కరణం మల్లీశ్వరి మా ఆమదాలవలస ప్రాంతపు ఆడపడుచు. ఆ రోజు మా బడిలో మిఠాయిలు పంచాం. ఆమెకు బాల్యంలో ఓనమాలు నేర్పిన నీలంశెట్టి అప్పన్నగారి పేరు మా జిల్లాలు దాటితే ఎందరికి తెలుసు? చెట్టుకు పండు కాస్తే పండును పొగుడుతాం. పాదు తవ్వినవాణ్ణి అడగం. ఇక పండు కాయని చెట్లకు జీవితాంతం పాదులు తవ్వినవాడికి సంస్మరణ సభలో దక్కేది "ఓహో" మాత్రమే.

మేష్టారిని దేవుణ్ణి చెయ్యటం నాకు ఇష్టం లేదు. ఆయనకు కోపం ఎక్కువ. ఈల తాడుతో కొట్టేవారు. ఆలస్యంగా వచ్చినవాణ్ణి ఎర్రటి ఎండలో మైదానం చుట్టూ పరుగెత్తించేవారు. ఆ దెబ్బలు నేనూ తిన్నాను. అది నేరమనే అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను. వయసు మళ్ళాక ఆయనే ఒకసారి, "చేతిలో ఈల ఉండగా చెయ్యెందుకు వాడానో తెలీదండీ" అన్నారు. ఆయన్ని ప్రేమించినవాళ్ళం ఆ మాట దాచకూడదు. దోషాలు దాచి చేసే స్తోత్రంలో మనిషి కనిపించడు.

ఇక నా తప్పు సంగతి. 1991-92 విద్యాసంవత్సరం. పదో తరగతి ఫలితాలు అంతకుముందు ఏడు బాగా తగ్గాయి. పైనుంచి ఒత్తిడి వచ్చింది. సంక్రాంతి సెలవులు కాగానే పదో తరగతివాళ్ళకు డ్రిల్లు పీరియడ్లు రద్దుచేసి ఇతర ఉపాధ్యాయులకు పంచారు. వారానికి రెండు నా వాటాకు వచ్చాయి. సంతోషంగా పుచ్చుకున్నాను. సంధులు, సమాసాలు, ఛందస్సు అన్నీ మరొకసారి తిరగవేయించవచ్చునని నా ఉబలాటం. చదువు పక్కన కూర్చునే నన్ను ఎవరో చదువులోకి రమ్మన్నట్లు అనిపించిందేమో కూడా.

మొదటిరోజు మేష్టారు ఈల మెడలో వేసుకుని తరగతి గుమ్మందగ్గరికి వచ్చారు. లోపలికి రాలేదు. "పంతులుగారూ, సంధులు మరిచిపోతే పుస్తకం తీసి మళ్ళీ చూసుకుంటారు. పదిహేనో ఏట ఆడని ఆట ఏభయ్యో ఏట ఆడలేరు కదండీ" అన్నారు. నేను నవ్వి, "పరీక్షలు కానివ్వండి మేష్టారూ" అన్నాను. ఆయన వెళ్ళిపోయారు. రెండువారాల తరువాత స్టాఫ్‌రూములో ఒక పిల్లవాడి పేరు చెప్పి, "వాడిని చూసుకోండి. వాడు ఆ పీరియడు కోసమే బడికి వస్తున్నాడు" అన్నారు.

నేను చూసుకోలేదు. ఆ కుర్రవాడు తండ్రి లేనివాడు. తెల్లవారుజామున సంతలో బస్తాలు మోసి బడికి వచ్చేవాడు. తరగతిలో నిద్రపోయేవాడు. చదువులో అన్నిటా వెనక. చెడుగుడు బరిలో మాత్రం వాడు నిలబడితే అవతలి జట్టు వెనక్కి తగ్గేది. రోజంతటిలో వాణ్ణి ఎవరైనా మెచ్చుకునే నలభై నిమిషాలు అవే. ఆ నలభై నిమిషాలూ నేను తీసుకుని వాడికి సవర్ణదీర్ఘసంధి సూత్రం చెప్పాను. ఫిబ్రవరిలో రావటం మానేశాడు. హాల్‌టికెట్టు వచ్చింది, తీసుకోవటానికి వాడు రాలేదు. మేష్టారు వాళ్ళింటికి రెండుసార్లు వెళ్ళివచ్చారు. నేను వెళ్ళలేదు. ఆ సంవత్సరం మా ఫలితాలు పెరిగాయి. పరీక్ష రాయనివాడు ఉత్తీర్ణతశాతం లెక్కలోకి రాడు గదా!

మేష్టారు నన్ను ఒక్కమాట అనలేదు. మరుసటి సంవత్సరం ఆ పీరియడ్లు పంచబోతే నేను వద్దన్నాను. అప్పటికి చేసేదేముంది? ఆ కుర్రవాడు ఇప్పుడు ఏభయ్యేళ్ళవాడు. సంస్మరణ సభకు వచ్చాడు. వెనక వరసలో నిలబడ్డాడు. "ఎంతమంది నేషనల్ ప్లేయర్లు" అన్న ప్రశ్న వేదికమీద వినిపించినప్పుడు నాకు వాడే కనిపిస్తున్నాడు. నా నోరు పెగలకపోవటానికి కారణం అది.

చెప్పవచ్చేదేమంటే, మేష్టారి లెక్క వేరు. ఎందరు గెలిచారన్నది కాదు, ఎందరు మర్నాడు కూడా బడికి వచ్చారన్నది. ఆ లెక్క ఏ రిజిస్టరులోనూ ఉండదు. అందుకే సభల్లో ఎవరూ చెప్పరు.

ఈ లెక్క ప్రభుత్వాలకూ పట్టినట్లు లేదు. 2009 విద్యాహక్కు చట్టం ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలన్నది, మంచిదే. ఎంత స్థలమో చెప్పలేదు. ఆరునుంచి ఎనిమిది తరగతుల్లో నూరుమందికి మించి పిల్లలుంటేనే ఆరోగ్య, వ్యాయామవిద్యకు ఒక బోధకుడన్నది, అదీ పార్ట్‌టైమ్. 2020 జాతీయ విద్యావిధానం పాఠ్యాంశాలకూ, ఇతర కార్యక్రమాలకూ మధ్య గట్టి గోడలుండరాదని చెప్పింది. చదవటానికి ముచ్చటగా ఉంది. కాని గోడలు మైదానంలోనే లేస్తున్నాయి. మేష్టారు సున్నం గీసిన చోట ఇప్పుడు అదనపు గదులు, నీళ్ళ ట్యాంకు, ఒక సిమెంటు వేదిక ఉన్నాయి. గదులు అవసరం కాదనను. ఒక గది కట్టేముందు ఎన్ని ఆటలు పోతాయో అడిగేవాడు లేడనే నా బాధ. ఇక ప్రైవేటు బడులలో కొన్ని అపార్టుమెంటు అంతస్తులలోనే నడుస్తున్నాయి. అక్కడ డ్రిల్లు మేష్టారు ఉన్నా నిలబడటానికి చోటు లేదు.

అన్నట్టు, ఒక విశేషం గమనించారా? ఆగస్టు 29 మన తెలుగు భాషాదినోత్సవం, గిడుగు వేంకట రామమూర్తిగారి జయంతి. అదేరోజు జాతీయ క్రీడాదినోత్సవం, హాకీ క్రీడాకారుడు ధ్యాన్‌చంద్ జయంతి. 1863లో శ్రీముఖలింగం చేరువలోని పర్వతాలపేటలో పుట్టిన మా గిడుగువారు పర్లాకిమిడిలో బడిపంతులే. స్టాఫ్‌రూములో చివరి కుర్చీల మా ఇద్దరికీ కేలండరు ఒకే పండుగ ఇచ్చింది. నా ఉద్యోగపు చివరి సంవత్సరాల్లో ఆ రోజున నేను ఉపన్యాసాలను గంటలో ముగించి పిల్లల్ని మైదానానికి పంపేవాణ్ణి. పాత బాకీలో వడ్డీ అయినా తీరుతుందని ఆశ.

పండితులకూ, లెక్కల మేష్టార్లకూ నా విన్నపం ఒకటే. జనవరి వస్తుంది, పరీక్షలు దగ్గరపడతాయి, మీకు ఒక పీరియడు ఇస్తామంటారు. పుచ్చుకోకండి. అది ఖాళీ పీరియడు కాదు. దానికోసమే బడికి వచ్చే పిల్లవాడు ఒకడు ఉంటాడు, మీ తరగతిలో నిద్రపోతూ.

సభ ముగిశాక ఆ పాత విద్యార్థి నా దగ్గరికి వచ్చి నమస్కారం పెట్టాడు. క్షమించమని అడగటానికి మాటలు వెతుక్కుంటున్నాను. వాడే అన్నాడు: "పంతులుగారూ, మేష్టారు మా ఇంటికొచ్చినప్పుడు, బడికి రాకపోయినా సాయంత్రం ఆటకి రారా అన్నారండీ. రెండేళ్ళు వచ్చేనండి." నాకు ఆ సంగతి తెలియదు. ఆ రెండేళ్ళూ నేను సాయంత్రం గంట కొట్టగానే ఇంటికి వెళ్ళిపోయేవాణ్ణి.

మీ ఊరి డ్రిల్లు మేష్టారు జ్ఞాపకం ఉన్నారా? ఉంటే ఆయన గెలిపించినవాళ్ళ గురించి కాక, ఆడించినవాళ్ళ గురించి రాయండి. చదవాలని ఉంది.